చలి పొద్దున బండి ఎందుకు మొరాయిస్తుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాం. కానీ ప్రతి సంచికలోనూ కవితలకు కొదవ ఉండదు. అమ్మ మీద రెండు, స్నేహం మీద నాలుగు ఎలాగూ వస్తాయి. మాకు కాస్తో కూస్తో తెలిసింది ఇంజిన్ల సంగతి కనుక దాని గురించే రాస్తున్నాం. విషయం మోటారు సైకిల్ చోక్. ఇంత చిన్న దాని మీద వ్యాసమా అని నవ్వకండి. ఆ చోక్ సంగతి తెలియకనే ఒక రాత్రి మన హాస్టల్లో ఒక తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది.

2018 జనవరి. మేము అప్పుడు పదో తరగతి. ఆదిలాబాద్ చలి గురించి మీకు మేము చెప్పాల్సింది లేదు. రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్లు వేడెక్కని రోజులవి. తెల్లవారుజామున నాలుగింటికి ఏడో తరగతి తమ్ముడొకరికి ఉబ్బసం వచ్చింది. మందు పీల్చే డబ్బా అయిపోయింది. పిల్లవాడు మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. వాచ్‌మన్ తాత దగ్గర పాత స్ప్లెండర్ ఉంది. దాన్ని బయటికి తీసి, చోక్ వేసి, ఒకరి తర్వాత ఒకరం కిక్ కొట్టడం మొదలుపెట్టాం. ఒకరు కిక్ కొడుతుంటే ఇంకొకరు "రేస్ ఇయ్యిరా, రేస్ ఇయ్యి" అని అరుస్తున్నారు. రేస్ ఇచ్చాం. ఇచ్చిన కొద్దీ పెట్రోల్ వాసన వచ్చింది గానీ ఇంజిన్ మాత్రం పలకలేదు. ఇరవై నిమిషాలు అట్లాగే గడిచాయి. నెట్టుకుంటూ పరుగెత్తినా లాభం లేకపోయింది. చివరికి పాల ఆటో వస్తే దాంట్లో ఎక్కించి పంపాం. ఆస్పత్రిలో మిషన్ పెట్టి మందు పట్టించాక ఊపిరి కుదుట పడింది. ఆ తమ్ముడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, ఈ వ్యాసం చదివితే నవ్వుకుంటాడు. ఆ పాల ఆటో ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో మేము ఇప్పటికీ ఆలోచించలేం.

సెలవులకు ఇంటికి వెళ్లి నాన్నకు చెప్పాం. మా నాన్న మూడో తరగతితో బడి మానేసి, మెకానిక్ షెడ్డులో కార్బొరేటర్లు కడుగుతూ పని నేర్చుకున్న మనిషి. అంతా విని ఒకటే అడిగాడు. "ప్లగ్ తీసి చూసిండ్రా? తడిగ ఉన్నదా, పొడిగ ఉన్నదా?"

మేము ప్లగ్ ముట్టుకోనే లేదు. "చోక్ ఏసి మల్ల రేస్ ఇస్తే మునగక ఏమైతది బిడ్డా" అన్నాడు. షెడ్డులో ఉన్న పాత చేతక్ స్కూటర్ చూపించి, "గిదానికి గట్లనే రేస్ ఇస్తే మునగది, ఎండుతది. గప్పుడు ప్లగ్ పొడిగ వస్తది" అన్నాడు. రెండు బళ్లకూ చోకే, చేసిన తప్పూ ఒకటే, మరి ఒకటి మునగడం, ఇంకొకటి ఎండడం ఏమిటని అడిగితే, గట్లనే ఐతదని చెప్పి పనిలో పడ్డాడు.

ఆ ప్రశ్నకు జవాబు మాకు బీటెక్ మూడో సంవత్సరంలో దొరికింది. తెలుగు మీడియంలో చదివి వెళ్లిన మాకు ఇంగ్లీషు పుస్తకంలో ఆ నాలుగు పేజీలు అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. మీకు అంత కష్టం ఉండకూడదని తెలుగులో రాస్తున్నాం.

మండేది పెట్రోల్ కాదు, దాని ఆవిరి

స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పెట్రోల్ చుక్కను ముట్టించలేదు. గాలిలో కలిసిన పెట్రోల్ ఆవిరిని మాత్రమే ముట్టిస్తుంది. అదీ ఒక కొలతలో ఉండాలి. పూర్తిగా మండడానికి 1 గ్రాము పెట్రోల్‌కు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆవిరి దీనికంటే మరీ పలుచబడినా అంటుకోదు, మరీ చిక్కబడినా అంటుకోదు.

ఇప్పుడు చలి సంగతి చూద్దాం. పెట్రోల్ అనేది నీళ్లలాగా ఒకే పదార్థం కాదు, చాలా రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికైనవి సుమారు 35 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా మరగవు. ఇంజిన్ వేడిగా ఉంటే అన్నీ ఆవిరవుతాయి. చల్లగా ఉంటే తేలికైన భాగం మాత్రమే లేస్తుంది. మిగిలినది చుక్కలుగానే పోయి, చల్లని గొట్టం గోడలకు, సిలిండర్ గోడలకు అంటుకుంటుంది. అన్నం గిన్నె మూత తీసి చూస్తే లోపల నీటి చుక్కలు కనబడతాయి కదా, ఇదీ అలాంటిదే. దానికి తోడు ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. చేతికి శానిటైజర్ రాసుకుంటే చల్లగా అనిపించేది అందుకే. అసలే చల్లగా ఉన్న కార్బొరేటర్ ఇంకా చల్లబడుతుంది.

లెక్కగా చెప్పుకుందాం. 15 గ్రాముల గాలికి 1 గ్రాము ఆవిరి కావాలి అనుకోండి. చలికి పెట్రోల్‌లో అయిదో వంతే ఆవిరవుతున్నదనుకుంటే, 1 గ్రాము ఆవిరి రావడానికి 5 గ్రాముల పెట్రోల్ పంపాలి. అంటే కార్బొరేటర్ నుంచి బయలుదేరే మిశ్రమం 15కు 5, అనగా 3కు 1. చూడడానికి అది చాలా చిక్కని మిశ్రమం. కానీ ప్లగ్ దగ్గరికి చేరే ఆవిరి మాత్రం సరైన పాళ్లలోనే ఉంటుంది. చోక్ చేసే పని మొత్తం ఇదే. ఎక్కువ పంపితే అందులో కొంతైనా ఆవిరవుతుందని ఆశ.

మన పొలాల్లో చిన్న పంపు ఇంజిన్లు చూసి ఉంటారు, పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపేవి. వాటికి రెండు ట్యాంకులుంటాయి. కిరోసిన్ చలికి దాదాపు ఆవిరే కాదు, ఎంత ఎక్కువ పోసినా అంటుకోదు. కనుక పెట్రోల్‌తో వేడెక్కించి తర్వాత కాక్ తిప్పుతారు. తెలిసిన రైతు ఇంజిన్ ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కు తిప్పుతాడు. రేపు పొద్దున కార్బొరేటర్ గిన్నెలో కిరోసిన్ మిగిలి ఉంటే తాడు ఎంత లాగినా లాభం ఉండదని ఆయనకు తెలుసు. ఈ పాఠంలో సగం ఆ రైతు చేతిలోనే ఉంది.

కార్బొరేటర్ లోపల

1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ పెట్రోల్‌ను సన్నని జెట్ ద్వారా చిమ్మే కార్బొరేటర్ తయారు చేశాడు. అంతకు ముందు పెట్రోల్ ఉపరితలం మీదుగా గాలిని పంపి ఆవిరి పట్టేవారు. మన బళ్లలో ఉన్నది మేబాక్ పద్ధతే. కింద ఒక గిన్నె, అందులో తేలే ఫ్లోట్. మన సింటెక్స్ ట్యాంకు బంతిలాగా, నిండగానే అది పెట్రోల్‌ను ఆపేస్తుంది. పైన గాలి వెళ్లే గొట్టం మధ్యలో సన్నబడుతుంది. దాన్ని వెంచురీ అంటారు. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే బెర్నౌలీ సూత్రం ఇదే. గిన్నెలో పెట్రోల్ మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది, వెంచురీలో తక్కువ ఉంటుంది. ఆ తేడాకు పెట్రోల్ జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. మనం రేస్ ఇచ్చినప్పుడు నేరుగా పెట్రోల్‌ను పెంచడం లేదు. స్లైడ్‌ను పైకి ఎత్తి గాలికి దారి పెంచుతున్నాం. పెట్రోల్ దాని వెంట వస్తుంది.

ఎంత పెట్రోల్ అనేది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. ఒకసారి పీల్చినప్పుడు గరిష్ఠంగా అంత గాలి, అంటే సుమారు 0.12 గ్రాములు వస్తుంది. దానికి కావలసిన పెట్రోల్ 8 మిల్లీగ్రాములు. ఒక చుక్క కూడా కాదు. అందుకే ఇంజిన్‌ను ముంచడం ఎంత తేలికో చూడండి, నాలుగు చుక్కలు ఎక్కువైతే చాలు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. కార్బొరేటర్ పని చేయాలంటే గాలి వేగంగా పోవాలి. కిక్ కొట్టినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం చాలా తక్కువ, చలికి ఆయిల్ చిక్కబడి ఉంటే ఇంకా తక్కువ. పీడనంలో తేడా సరిగా ఏర్పడదు, పెట్రోల్ లేవదు. అంటే పెట్రోల్ ఎక్కువ కావలసిన సమయంలోనే కార్బొరేటర్ తక్కువ ఇస్తుంది. దీనికి విరుగుడుగా పెట్టిందే చోక్.

చోక్ అని పిలిచేవి రెండు

పేరు ఒకటే, లోపల యంత్రాలు రెండు. మా నాన్న చెప్పిన మునగడం, ఎండడం అనే తేడా అంతా ఇక్కడుంది.

మొదటిది స్ప్లెండర్ లాంటి బళ్లలోది. కార్బొరేటర్ పక్కన చిన్న లివర్ ఉంటుంది. దాన్ని తిప్పితే కార్బొరేటర్ నోటి దగ్గర, ఎయిర్ ఫిల్టర్ వైపు, ఒక గుండ్రని రేకు అడ్డం పడుతుంది. గాలికి గొంతు నొక్కినట్టే. ఇంజిన్ పీలుస్తుంది, గాలి రావడానికి దారి లేదు, దాంతో ఆ పీల్పు అంతా జెట్ల మీద పడి పెట్రోల్ ఎక్కువగా లేస్తుంది. రసం తాగే స్ట్రాకు పగులు ఉంటే ఎంత పీల్చినా రసం రాదు. ఆ పగులును వేలితో మూస్తే ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది. సరిగ్గా అంతే. ఇంజిన్ అంటుకోగానే ఊపిరాడక చావకుండా ఆ రేకులో చిన్న రంధ్రమో, స్ప్రింగు మూతో పెడతారు.

ఇప్పుడు ఈ చోక్ వేసి ఉన్నప్పుడు రేస్ ఇస్తే ఏమవుతుంది? స్లైడ్ పైకి లేస్తుంది. అంతవరకు స్లైడ్ అడ్డం ఉండడం వల్ల మెయిన్ జెట్ దాకా పూర్తిగా చేరని పీల్పు ఇప్పుడు నేరుగా దాని మీద పడుతుంది. ముందు రేకు మూసే ఉంది కనుక గాలి పెరగదు, పెట్రోల్ మాత్రం వరదలా వస్తుంది. ప్లగ్ తడిసిపోతుంది. తడిసిన ప్లగ్ రవ్వ విసరదు. ఆ రాత్రి మేము ఇరవై నిమిషాలు చేసింది ఇదే. ఎంత కష్టపడితే అంత ముంచాం.

రెండోది చేతక్ లాంటి స్కూటర్లలోది. బయట లాగే పిడి ఉంటుంది. ఇంకొన్ని బళ్లలో హ్యాండిల్ మీద చోక్ లివర్ పెట్టి, అక్కడి నుంచి కేబుల్ కార్బొరేటర్ దాకా వస్తుంది. ఇందులో గాలికి అడ్డం పడే రేకే లేదు. పిడి లాగితే కార్బొరేటర్ పక్కన ఒక చిన్న ప్లంజర్ పైకి లేచి వేరే సన్నని దారి తెరుచుకుంటుంది. ఆ దారికి సొంత జెట్, సొంత గాలి ఉంటాయి. ఒకరకంగా పెద్ద కార్బొరేటర్ పక్కన చంటిపిల్ల కార్బొరేటర్ అన్నమాట. చాలా వాటిలో దీనికి చిన్న గుంట కూడా ఉంటుంది. రాత్రంతా అందులో నిలిచిన పెట్రోల్ మొదటి కిక్కులకే పోయి చిక్కటి మిశ్రమం ఇస్తుంది. ఆ తర్వాత జెట్ కొలత ప్రకారం వస్తుంది. ఎవరూ దేని గొంతూ నొక్కకపోయినా అందరూ దీన్ని చోక్ అనే అంటారు.

ఈ సన్నని దారి వచ్చి కలిసేది స్లైడ్‌కు ఇంజిన్ వైపున. స్లైడ్ మూసి ఉన్నంతసేపు అక్కడ పీల్పు బలంగా ఉంటుంది, ఆ బలంతోనే చిన్న దారి నుంచి పెట్రోల్ వస్తుంది. రేస్ ఇచ్చామంటే పెద్ద తలుపు తెరిచినట్టే. గాలంతా అటు నుంచి దూరుతుంది, చిన్న దారి మీద పీల్పు పోతుంది, అదనపు పెట్రోల్ ఆగిపోతుంది. ఇంజిన్ ఆకలితో ఆగుతుంది, ప్లగ్ తీస్తే పొడిగా ఉంటుంది.

ఒకే తప్పుకు ఒక బండి మునగడం, ఒక బండి ఎండడం వెనక కారణం ఇదీ. దీన్ని అర్థం చేసుకున్న రోజు హాస్టల్ గది నుంచి నాన్నకు ఫోన్ చేసి గంటసేపు చెప్పాం. అంతా విని "మరి నేను చెప్పింది అదే గదరా" అన్నాడు. నిజమే.

పాత బళ్లలో ఇంకో పద్ధతి ఉండేది. 1950లు, 60ల నాటి బుల్లెట్లలో కార్బొరేటర్ మీద చిన్న బొత్తాం ఉండేది. దాన్ని వేలితో నొక్కితే లోపల ఫ్లోట్ మునిగి పెట్రోల్ పొంగేది. వేలికి తడి తగిలాక కిక్ కొట్టేవారు. ఎస్‌యూ అనే బ్రిటిష్ కారు కార్బొరేటర్‌లోనైతే చోక్ లాగితే జెట్టే కిందికి దిగి సూది చుట్టూ సందు పెరిగేది. దారులు వేరైనా కోరేది అదనపు పెట్రోలే.

అంటుకున్నాక

ఇంజిన్ అంటుకోగానే చోక్ పూర్తిగా తీసేస్తే చాలాసార్లు ఆగిపోతుంది. గోడలు ఇంకా చల్లగానే ఉంటాయి కదా. అందుకని చోక్‌ను సగానికి తెచ్చి, ఇంజిన్ కాస్త వేడెక్కాక పూర్తిగా తీయాలి. మన చలికి ఇది ఒక నిమిషం పని. చోక్ లేకుండా నిలకడగా తిరుగుతున్నదంటే ఇక దాని అవసరం లేదు. ఎండాకాలంలోనూ, ఇప్పుడే ఆపిన వేడి ఇంజిన్‌కూ చోక్ వేయకూడదు. వేస్తే మునుగుతుంది.

తీయడం మరిచిపోయి తిరిగేవాళ్లను చూస్తూనే ఉంటాం. పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ మసిబారుతుంది, మైలేజీ పడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనబడదు. ఆవిరి కాని పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. బోరు అరగడానికి అదొక కారణం.

చిక్కని మిశ్రమానికి గాలి చాలదు కనుక పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. చలిగా ఉందని వరండా తలుపులు వేసి లోపల బండి వేడెక్కించే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, చేస్తుంటే ఆపండి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. చోక్ లివర్ లేదు. అయినా పని మాత్రం అదే జరుగుతుంది. ఒక సెన్సార్ ఇంజిన్ ఉష్ణోగ్రత కొలిచి చెబుతుంది, చిన్న కంప్యూటర్ ఇంజెక్టర్‌ను కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, వేడెక్కిన కొద్దీ తగ్గిస్తుంది. కార్బొరేటర్ బళ్లు ఊళ్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి కనుక ఈ పాఠం పాతబడలేదు. పైగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్‌కు మండడానికి తన బరువుకు 9 రెట్ల గాలే చాలు, ఆవిరి కావడానికి మాత్రం పెట్రోల్ కంటే రెండింతలకు పైగా వేడి కావాలి. పాత కార్బొరేటర్ జెట్ దాన్ని గుర్తుపట్టి సర్దుకోలేదు. కనుక మిశ్రమం కాస్త పలుచబడుతుంది, చలి పొద్దున చోక్‌తో ఇంకొంచెం ఎక్కువ అవసరం పడవచ్చు.

మునిగిన బండిని లేపడం

ఆ రాత్రి మాకు తెలియనిది ఇది. పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే కిక్ కొట్టడం ఆపండి. పెట్రోల్ కాక్ కట్టేయండి, చోక్ తీసేయండి. ఇప్పుడు రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి. చోక్ లేదు కనుక ఈసారి రేస్ ఇస్తే గాలి దండిగా వెళ్లి లోపలి తడిని ఆరబెడుతుంది. అప్పటికీ లేవకపోతే ప్లగ్ విప్పి, పొడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి బిగించండి. విప్పిన ప్లగ్‌తో కార్బొరేటర్ దగ్గర రవ్వ పరీక్ష చేయకండి, అక్కడంతా పెట్రోల్ ఆవిరే ఉంటుంది. ప్లగ్ పొడిగా వస్తే ముందు కాక్ తెరిచి ఉందో లేదో, ట్యాంకులో పెట్రోల్ ఉందో లేదో చూడండి. ఉంటే రేస్ ముట్టకుండా, చోక్ వేసి, ఒక్క నిమిషం ఆగి కిక్ కొట్టండి. ఏ రకం చోకో తెలియకపోయినా ఫరవాలేదు. చోక్ వేసినప్పుడు రేస్ ముట్టకపోవడం రెండింటికీ పనికొస్తుంది.

జెట్ మూసుకుపోయిందని పిన్నీసుతో పొడిచేవాళ్లున్నారు. ఆ రంధ్రం కొలత చెడితే మళ్లీ సరికాదు. గాలి ఊది శుభ్రం చేయాలి.

వార్షికోత్సవం మరుసటి రోజు ఆదివారం. నాన్న షెడ్డు నుంచి రెండు పాత కార్బొరేటర్లు, ఒకటి రేకుది, ఒకటి ప్లంజర్‌ది, తెస్తున్నాం. పదో తరగతి తమ్ముళ్లు ఒక స్క్రూడ్రైవరు, రెండు పాత గుడ్డలు, ఒక వెడల్పాటి పళ్లెం సిద్ధం చేసి పెట్టండి. వాచ్‌మన్ తాత ఒప్పుకుంటే స్ప్లెండర్ కూడా విప్పుదాం.